ఉన్నది ఒక్క కొడుకు, యుద్ధాలు చూస్తే ఇట్లా ఉన్నాయి

చీమకుర్తి దగ్గర ఒక పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. ఊరి పేరు, ఇంటిపేరు వేయొద్దన్నారు. గ్రానైట్ క్వారీలో వైర్ సా మిషను ఆపరేటరు. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి జీఎన్ఎం చదివి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. డ్యూటీ అయ్యాక ఆన్‌లైన్‌లో జర్మన్ భాష నేర్చుకుంటోంది. అబ్బాయికి 20 ఏళ్లు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, ఒంగోలులో ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపులో పని చేస్తున్నాడు.

ఇంట్లో గొడవంతా అబ్బాయి గురించే. మేనమామ సైన్యంలో హవల్దారుగా రిటైరయ్యారు. "పొద్దున్నే లేచి పరిగెత్తరా అబ్బయ్యా, అగ్నివీర్ ర్యాలీలో నిన్ను నిలబెట్టే పూచీ నాది" అంటున్నారు. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు మన మీదికి రావడం టీవీలో చూసినప్పటి నుంచి తల్లికి నిద్ర లేదు. "అన్నయ్యకేం, చెప్తాడు. నాకుండేది వీడొక్కడే" అని ఏడుస్తోంది. అబ్బాయి మాత్రం "మామ కాలం నాటి యుద్ధం అయిపోయింది నాన్నా. ఇప్పుడంతా డ్రోన్లే. నేను డ్రోన్ కోర్సు చేస్తా" అంటాడు. మర్నాడు మళ్లీ మామతో పాటు పరుగుకు పోతాడు. ఈ మధ్యలో ఒక ఏజెంటు ప్రవేశించాడు. రష్యా సైన్యంలో హెల్పరు పని, సామాన్లు మోయడం, వంట, యుద్ధానికి పంపరు, నెలకు రెండు లక్షలు అన్నాడు. మొత్తం మూడు లక్షలు అడిగాడు. ఈయన 20 వేలు అడ్వాన్సు కట్టి, కొడుకు పాస్‌పోర్టు చేతికిచ్చి వచ్చారు.

ఉత్తరం చివర ఆయన అడిగింది ఇది: "మా క్వారీలో ఒకప్పుడు నలభై మంది చేసే పనిని ఇప్పుడు మిషను పెట్టి ఆరుగురం చేస్తా ఉండాం. యుద్ధం కూడా అట్లానే అయిందంటన్నారు. మిషన్లే కొట్టుకునేటట్టయితే మనుషులతో పనేముంది? మనుషులే కావాలంటే నా ఒక్కగానొక్క కొడుకే ఎందుకు కావాలి? నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి."

ముందు పాస్‌పోర్టు సంగతి చూద్దాం. మిగతాదంతా తర్వాత.

ఏజెంటు గురించి మీరు రాసింది నాలుగు ముక్కలే. ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది ఆ నాలుగు ముక్కలే. సరిగ్గా ఇదే మాట నమ్మి, హెల్పరు పని అనుకుని మన దేశం నుంచి వెళ్లిన పిల్లలున్నారు. అక్కడ దిగాక అర్థంకాని భాషలో కాగితాల మీద సంతకాలు పెట్టించారు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి తుపాకీ చేతికిచ్చి ముందు వరుసకు తోలారు. హైదరాబాద్ కుర్రాడొకడు అట్లాగే అక్కడ చనిపోయాడని 2024 మార్చిలో తెలిసింది. ఆ నెలలోనే సీబీఐ ఈ ఏజెంట్ల మీద మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టింది. జులైలో ప్రధాని మోదీ మాస్కో వెళ్లినప్పుడు పుతిన్ దగ్గర ఈ విషయం ఎత్తారు. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క: అప్పటిదాకా బయటపడ్డవి 126 కేసులు, తిరిగొచ్చినవాళ్లు 96 మంది, చనిపోయినవాళ్లు 12 మంది, ఆచూకీ తెలియనివాళ్లు 16 మంది.

అందుకని మీ బావగారిని వెంటబెట్టుకుని రేపే వెళ్లి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోండి. ఫోన్లో అడగొద్దు, ఎదురుగా నిలబడి అడగండి. పాస్‌పోర్టు ప్రభుత్వ ఆస్తి, దాన్ని తన దగ్గర అట్టిపెట్టుకునే హక్కు ఏ ప్రైవేటు మనిషికీ లేదు. ఇవ్వనంటే అక్కణ్ణుంచి నేరుగా పోలీసు స్టేషన్‌కి పోయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉంటుంది. ఆ ఏజెంటు పేరు అందులో ఉందో లేదో అబ్బాయి ఐదు నిమిషాల్లో చూస్తాడు. అయితే ఒక మాట. పేరు ఉన్నా సరే, ఈ పనికి పంపొద్దు. 20 వేలు తిరిగొస్తే మంచిదే, రాకపోతే పోనివ్వండి. మిగతా విషయాల్లో మీ ముందు దారులు పెట్టి ఊరుకుంటాను. ఈ ఒక్కదాంట్లో మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న. అంత పెద్ద రష్యాకు చీమకుర్తి పక్క పల్లెటూరి కుర్రాడితో ఏం పని? మీరడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే మొదలవుతుంది.

1990ల్లో సోవియట్ యూనియన్ కూలాక రష్యాలోనూ, ఉక్రెయిన్‌లోనూ కాన్పులు ఒక్కసారిగా పడిపోయాయి. ఆ కాలంలో పుట్టని పిల్లలే ఇవాళ లేని సైనికులు. ఉక్రెయిన్ ప్రాణాల మీదికి వచ్చిన యుద్ధం చేస్తూ కూడా 2024 ఏప్రిల్ దాకా 27 ఏళ్ల లోపు వాళ్లను బలవంతంగా సైన్యంలోకి పిలవలేదు. అప్పుడు కూడా ఆ వయసును 25కి మాత్రమే దించింది. ఉన్న కొద్దిమంది కుర్రాళ్లూ పోతే రేపు పెళ్లిళ్లు చేసుకునేదెవరు, పిల్లల్ని కనేదెవరు, దేశాన్ని మళ్లీ కట్టేదెవరు అన్నది వాళ్ల భయం. అందుకే అక్కడ కందకాల్లో నలభై దాటినవాళ్లు అంతమంది కనిపిస్తారు. రష్యా ఇంకో దారి పట్టింది. జైళ్ల నుంచి ఖైదీలను తెచ్చుకుంది. పేద ప్రాంతాల వాళ్లకు లక్షలు ఎరవేసింది. 2024 చివర్లో ఉత్తర కొరియా నుంచి వేల మంది సైనికులను దింపింది. పేద దేశాల కుర్రాళ్ల కోసం ఏజెంట్లు బయల్దేరింది కూడా ఆ వరసలోనే. మీ ఇంటికొచ్చిన మనిషి ఆ గొలుసుకు ఈ చివర ఉన్నవాడు.

మిగతా దేశాలదీ ఇదే కథ, కాకపోతే అక్కడ యుద్ధం లేదు. జనాభా తగ్గకుండా నిలవాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు ఉండాలంటారు. దక్షిణ కొరియాలో 2023లో అది 0.72. పక్కనే ఉత్తర కొరియా ఉంది, ప్రతి మగపిల్లాడూ సైన్యంలో పని చేసి తీరాలన్న చట్టమూ ఉంది. అయినా 2019 తర్వాత ఆరేళ్లలో ఆ దేశపు సైన్యం సుమారు 20 శాతం చిక్కిపోయి 4.5 లక్షల దగ్గరికి వచ్చింది. చట్టం ఉన్నా పిల్లలు లేరు. జపాన్ 2023లో చేర్చుకోవాలనుకున్నవాళ్లలో దాదాపు సగం మందే దొరికారు. చైనా 1980 నుంచి 2015 దాకా ఒక్క బిడ్డ చాలన్నది. 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతోంది. 2023లో మనం వాళ్లను దాటాం. చైనాలో ఇళ్ల కట్టడం మందగించాక మీ క్వారీలో షిఫ్టులు తగ్గాయని మీరే రాశారు. కొత్త ఇళ్లు కొనే వయసు వాళ్లు తగ్గిపోవడం కూడా అందులో ఒక కారణం.

చైనా సైన్యంలో ఇవాళ చాలామంది జవాన్లు ఇంటికి ఒక్కడే. కొరియాలోనూ అంతే. మీ బావగారి తరంలో ఇంటికి నలుగురైదుగురు పిల్లలుండేవాళ్లు. ఒకడు సైన్యానికి, ఒకడు సేద్యానికి, ఒకడు చదువుకు. అప్పుడూ తల్లులు ఏడ్చారు, కానీ ఇల్లు నిలిచేది. ఇప్పుడు ఒక్క శవపేటిక వస్తే ఒక వంశం అక్కడితో ఆగిపోతుంది. పాలించేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మనుషులను పోగొట్టుకోలేని ప్రభుత్వాలే మర ఆయుధాల మీద డబ్బు గుమ్మరిస్తున్నాయి. మీ ఆవిడ వంటింట్లో కూర్చుని వేసుకుంటున్న లెక్కనే సియోల్‌లో, టోక్యోలో సైన్యాధికారులు వేస్తున్నారు. అందుకని దయచేసి ఆమెను పిరికిదని అనకండి, బావగారిని కూడా అననివ్వకండి.

"మిషన్లే కొట్టుకునేటట్టయితే" అన్నారు కదా. దీనికి మీ క్వారీలోనే జవాబుంది. ఒకప్పుడు మీ వాళ్లు బండ మీదే నిలబడి జాక్‌హామర్ పట్టుకుని వరసగా బొక్కలు వేసేవాళ్లు. ఇప్పుడు రెండు వైపుల నుంచి రెండే బొక్కలు వేసి లోపల కలుపుతారు, వజ్రపు పూసల తీగ దూర్చి, నీళ్లు వదిలి, మిషను ఆన్ చేస్తారు. మీరు పక్కకు జరిగి ప్యానెల్ దగ్గర నిలబడతారు. ఎందుకు పక్కకు జరుగుతారో మీకు తెలుసు. తీగ తెగితే దాని పూసలు తూటాల్లా వస్తాయి. మిషను వచ్చాక మనుషులు తగ్గారు, ప్రమాదం ఉన్నచోటు మారింది, ప్యానెల్ దగ్గర నిలబడే మనిషి విలువ పెరిగింది. యుద్ధంలో జరిగింది కూడా అచ్చం ఇదే.

ఉక్రెయిన్‌లో ఎఫ్‌పీవీ అనే చిన్న డ్రోన్ ఉంది. నడిపేవాడు కళ్లజోడు పెట్టుకుంటే డ్రోన్ ముందున్న కెమెరా చూసేదంతా వాడికి కనిపిస్తుంది. ధర నాలుగైదు వందల డాలర్లు, అంటే మన లెక్కన నలభై వేల రూపాయల చిల్లర. ఒక మంచి సెల్‌ఫోన్ ఖరీదు. అది పోయి కోట్ల రూపాయల ట్యాంకును తగలబెడుతుంది. ఇరాన్ తరహా షాహెద్ డ్రోన్ ఖరీదు 20 వేల నుంచి 50 వేల డాలర్ల మధ్య ఉంటుందని అంచనా, దాన్ని కూల్చడానికి వాడే పేట్రియట్ క్షిపణి ఒక్కటి 40 లక్షల డాలర్ల దాకా పలుకుతుంది. డబ్బున్నవాడిదే గెలుపు అనే పాత లెక్క ఇక్కడ తిరగబడింది. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 చిన్న డ్రోన్లను లారీల్లో దాచి, సరిహద్దుకు వేల కిలోమీటర్ల అవతల ఉన్న రష్యా వైమానిక స్థావరాల పక్కకు చేర్చి వదిలింది. అణుబాంబులు మోసే స్థాయి పెద్ద విమానాలు నేల మీదే కాలిపోయాయి.

మన సంగతి మీరు టీవీలో చూశారు. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు వదిలిందని మన సైన్యమే ప్రకటించింది. ఆ తర్వాత జులైలో సైన్యాధిపతి జనరల్ ఉపేంద్ర ద్వివేది, పదాతి దళం ప్రతి బెటాలియన్‌లోనూ ఒక డ్రోన్ ప్లటూన్, అంటే చిన్న దళం, ఉంటుందని చెప్పారు. కాబట్టి మేనమామ చెప్పే సైన్యం వేరు, మీ అబ్బాయి చెప్పే డ్రోన్ వేరు అనుకోవద్దు. అవి రెండూ ఒకే బెటాలియన్‌లో కలిసిపోతున్నాయి.

అయితే అబ్బాయి మాట పూర్తిగా నిజం కాదు. మామ కాలం యుద్ధం అయిపోలేదు. 2020 జూన్‌లో గాల్వాన్ లోయలో చైనా సైనికులతో తలపడి మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది అమరులయ్యారు. అక్కడ తుపాకీ పేలలేదు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, గడ్డకట్టే చలిలో, రాళ్లతో, మేకులు కొట్టిన కర్రలతో జరిగిన పోరాటం అది. ఉపగ్రహాలూ క్షిపణులూ ఉన్న రెండు అణుశక్తి దేశాల మధ్య జరిగిందది. నేలను పట్టుకుని నిలబడే పని ఇప్పటికీ మనిషిదే. ఉక్రెయిన్‌లో కూడా డ్రోన్లు లక్షల్లో ఉన్నాయి, కందకంలో నిలబడే మనుషులే చాలడంలేదు. డ్రోన్ నడిపేవాడు భద్రంగా ఉంటాడనుకోవడమూ పొరపాటే. అవతలివాళ్లు మొదట వెతికేది అతన్నే. గాయపడినవాణ్ణి బయటికి తెచ్చే దారి మీద కూడా పైనుంచి కళ్లుంటాయి. ఇది మీ ఆవిడకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. అబ్బాయికి మాత్రం తెలిసి తీరాలి.

మీ బావగారు "జనం ఎక్కువున్న దేశానిదే బలం" అంటారట. సగం నిజం. మన దేశానికి కుర్రకారు ఉంది, దాని వల్ల ప్రపంచంలో మన మాటకు బరువు పెరిగింది. కానీ ఆ కుర్రకారు అన్నిచోట్లా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీహార్‌లో ఒక స్త్రీకి సగటున ముగ్గురు పిల్లలు, మన రాష్ట్రంలో 1.7. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల మీద ఆపి పెట్టి ఉంది కాబట్టి దక్షిణాదికి ఇంతకాలం నష్టం జరగలేదు. ఆ తాళం తీస్తే ఏమవుతుందన్న భయం కూడా కలిసి మన నాయకులు ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నారు. 2024లో, ఇద్దరు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను కూడా ఎత్తేశారు. ఇక్కడ నాకొక బాధ ఉంది. ఇంకా పుట్టని పిల్లల గురించి ఇంత మాట్లాడేవాళ్లు, డిప్లొమా చేతబట్టుకుని సెల్ షాపులో కూర్చున్న పిల్లల గురించి అందులో సగం మాట్లాడినా మీకు ఈ ఉత్తరం రాయాల్సిన అవసరం వచ్చేది కాదు. తలలు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చాలదు. ఆ తలకు ఏం నేర్పామన్నదే తేడా తెస్తుంది.

సరే, దారులు చూద్దాం.

అగ్నివీర్ విషయంలో బావగారికి ఒక సంగతి గుర్తుచేయండి. ఆయన చేరిన ఉద్యోగం వేరు, ఇది వేరు. 2022 జూన్‌లో వచ్చిన ఈ అగ్నిపథ్ పథకంలో కొలువు నాలుగేళ్లే. మొదటి ఏడాది నెలకు 30 వేలు, చేతికొచ్చేది 21 వేలు. నాలుగో ఏడాది 40 వేలు, చేతికి 28 వేలు. కోసిన దానికి ప్రభుత్వం అంతే కలిపి, వెళ్లేటప్పుడు వడ్డీతో సుమారు 11.71 లక్షలు ఇస్తుంది, పన్ను లేదు. సేవలో ఉండగా ప్రాణం పోతే 48 లక్షల బీమా, దాని పైన పరిహారం. పెన్షన్ లేదు. బావగారికి నెలనెలా వచ్చేది మీ అబ్బాయికి రాదు. నాలుగేళ్ల తర్వాత 25 శాతం వరకు మాత్రమే ఉంచుకుంటారని పథకం చెబుతోంది. ఆ శాతం పెంచుతారనే మాటలు వినిపిస్తుంటాయి, కాగితం మీదికి వచ్చేదాకా వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ప్రభుత్వం ఇలా చేయడం వెనక పెన్షన్ల ఖర్చు ఉందంటారు. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లలో పెన్షన్లకే సుమారు 1.61 లక్షల కోట్లు కేటాయించారు. మరలు కొనాలంటే డబ్బు ఎక్కడో మిగలాలి. దేశం వైపు నుంచి ఆ లెక్క అర్థమవుతుంది. మీరు మాత్రం మీ ఇంటి వైపు నుంచి చూడాలి.

అలా చూస్తే అసలు ప్రశ్న ఒకటే: పాతికేళ్లు రాకముందే వాడు తిరిగొస్తే, చేతిలో ఏ పని ఉంటుంది? జనరల్ డ్యూటీలో చేరి వెనక్కి వస్తే క్రమశిక్షణ, దేహదారుఢ్యం, పదకొండు లక్షలు ఉంటాయి. కేంద్ర సాయుధ బలగాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్ ఉంది, పోలీసు ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. అది తక్కువేం కాదు. కానీ డిప్లొమా ఉన్నవాడు జనరల్ డ్యూటీకి ఎందుకు పోవాలి? అగ్నివీర్ టెక్నికల్ అనే విభాగం ఉంది, డిప్లొమా వాళ్లను తీసుకుంటారు. సిగ్నల్స్, రాడార్లు, వాహనాలు, రిపేరు వర్క్‌షాపులు అటువైపే ఉంటాయి. వైమానిక దళంలో అగ్నివీర్ వాయుకి కూడా మూడేళ్ల ఇంజినీరింగ్ డిప్లొమా పనికొస్తుంది, మొత్తంలోనూ ఇంగ్లీషులోనూ 50 శాతం మార్కులుండాలి. నాలుగేళ్ల తర్వాత వెనక్కి వచ్చినా, చేతిలో పని ఉన్నవాడిగా వస్తాడు. సైన్యంలో అయితే ముందు ఆన్‌లైన్ పరీక్ష, అది నెగ్గితేనే ర్యాలీ. మీ జిల్లా గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వస్తుంది. బావగారు పరుగు నేర్పుతున్నారు, సంతోషం. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే పూర్తి మార్కులు. కానీ పరీక్షకు ఎవరు చదివిస్తున్నారు? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు.

ఇంకో తలుపు ఉంది. మీ ఇంట్లో ఎవరూ దాని పేరెత్తలేదు. కోస్ట్ గార్డు. అందులో యాంత్రిక్ అనే పోస్టు పదో తరగతి పాసై ఎలక్ట్రికల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసినవాళ్ల కోసమే ఉంది. వయసు 18 నుంచి 22, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. ఇది అగ్నిపథ్ కిందికి రాదు, నాలుగేళ్ల గడువు లేదు. మూల వేతనం 29,200తో మొదలవుతుంది, పైన యాంత్రిక్ పే, కరువు భత్యం. ఓడల ఇంజన్లు, రాడార్లు, రేడియోలు చూసే పని. మీకు దగ్గర్లోనే కృష్ణపట్నంలో కోస్ట్ గార్డు స్టేషన్ ఉంది. అక్కడే వేస్తారని కాదు, గుజరాత్‌కో అండమాన్‌కో వేయొచ్చు. సముద్రం మీద రోజుల తరబడి ఉండాలి, తుపాన్లప్పుడు అందరూ ఒడ్డుకు వస్తుంటే వీళ్లు లోపలికి పోవాలి. ప్రమాదం లేదని చెప్పను. పోస్టులు తక్కువ, పోటీ బాగా ఎక్కువ. అయినా తల్లి భయానికీ, మేనమామ పట్టుదలకూ, అబ్బాయి చదువుకూ మూడింటికీ సరిపడే దారి ఇదేనని నాకనిపిస్తోంది. మొదటి ప్రయత్నంలో రాకపోతే ఇంకో అవకాశానికి వయసు మిగిలే ఉంటుంది.

డ్రోన్ కోర్సు విషయంలో తొందరపడొద్దు. పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న చోట కొద్దిరోజులు శిక్షణ తీసుకుంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. పదో తరగతి చదివి 18 నిండితే చాలు. అంత తేలిగ్గా వచ్చేది కాబట్టే అది ఒక్కటే ఉన్నవాడికి జీతం పెద్దగా ఉండదు. ఎగరేసేవాళ్లు త్వరలో వీధికొకరు ఉంటారు. కూలిపడ్డ డ్రోన్‌ను బల్ల మీద పెట్టి, కాలిన మోటారు కంట్రోలరు తీసి కొత్తది టంకం వేసి, బ్యాటరీ సెల్లు ఏది దెబ్బతిన్నదో కొలిచి, మళ్లీ గాల్లోకి లేపేవాడికే డిమాండు. మీ వాడు సెల్ షాపులో భూతద్దం కింద బోర్డు మీద చేస్తున్నది దాదాపు ఆ పనే. ఆ షాపును చిన్నచూపు చూడకండి. ఇంకో ఏడాది అక్కడే చేయి తిరగనిచ్చి, పురుగుమందు కొట్టే డ్రోన్ల రిపేరు కూడా పట్టుకుంటే, పొగాకు, శనగ, మిరప వేసే మీ చుట్టుపక్కల మండలాల్లోనే పని దొరుకుతుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర డ్రోన్ సిటీ కడతామని ప్రభుత్వం ప్రకటించింది, అటూ ఒక కన్నేసి ఉంచండి. ఈ దారిలో ప్రాణభయం తక్కువ, కానీ నెల జీతం, క్వార్టరు, పరపతి ఉండవు. మొదటి రెండు మూడేళ్లు మీరే ఆసరాగా ఉండాల్సి వస్తుంది.

డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడం నాలుగో దారి. మూడేళ్ల ఫీజు, ఖర్చు భరించగలిగితే మంచిదే. తర్వాత ఆఫీసరు స్థాయి పరీక్షలకు కూడా తలుపు తెరుచుకుంటుంది. కానీ వాడికి చదువు మీద మనసుందా లేదా అన్నది మీ ఉత్తరంలో తెలియలేదు. మనసు లేకపోతే ఆ ఖర్చు పెట్టొద్దు.

మీరు పెద్దగా పట్టించుకోనిది ఇంకొకటుంది, పెద్దమ్మాయి జర్మనీ ప్రయత్నం. జర్మనీలో ముసలివాళ్లు ఎక్కువై చూసుకునేవాళ్లు చాలడంలేదు. 2024లో ఆ దేశం భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది. నర్సులకు భాష బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడే స్థాయి, వచ్చేదాకా కష్టపడాలి. ఏజెంటుకు లక్షలు కట్టక్కర్లేదు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను ముందు అడగండి. అమ్మాయిని పంపడం మంచి నిర్ణయమే. కానీ అమ్మాయి జర్మనీలో, అబ్బాయి సరిహద్దులోనో సముద్రంలోనో ఉంటే, పదిహేనేళ్లకు చీమకుర్తిలో మీ ఇద్దరికీ జ్వరమొస్తే చూసేదెవరు? జర్మనీకి వచ్చిన కొరతే అప్పుడు మీ గుమ్మంలోకి వస్తుంది. మీ ఆవిడ "వాడొక్కడే" అన్నప్పుడు అందులో ఈ మాట కూడా ఉందని నాకనిపిస్తోంది. యుద్ధం ఒక్కటే ఆమె భయం కాకపోవచ్చు. దీన్ని పిల్లలిద్దరి ముందూ మాట్లాడండి. ఒకళ్లు దూరం వెళితే ఇంకొకళ్లు ఎంత దూరంలో ఉండాలి, ఎవరు ఎప్పుడు వస్తారు, వచ్చే డబ్బులో ఎంత పక్కన పెట్టాలి, అన్నీ ఇప్పుడే అనుకోవచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక అబ్బాయి. ఒకరోజు డ్రోన్ అంటాడు, మర్నాడు పరుగుకు పోతాడు అని విసుక్కున్నారు. వాడు ఊగుతున్నది బుద్ధి లేక కాదు. మామ మీద గౌరవం ఒకవైపు, తల్లి కన్నీళ్లు ఒకవైపు, తను ఫోన్లో చూస్తున్న లోకం ఒకవైపు లాగుతున్నాయి. ఇన్ని పేజీల్లో మీరందరూ వాడి గురించి ఏమన్నారో రాశారు గానీ, వాడికి ఏ పని చేస్తుంటే పొద్దు తెలియదో రాయలేదు. అది వాణ్ణి అడగండి, బావగారు లేనప్పుడు అడగండి. సైన్యమే కావాలని వాడు గట్టిగా చెబితే, ప్రమాదమంతా తెలిసి చెబితే, తల్లిని ఒప్పించే బాధ్యత మీరు తీసుకోండి, వాడి మీద వేయకండి. వద్దంటే బావగారికి చెప్పే బాధ్యతా మీదే.

ఏది ఎంచుకున్నా అప్లికేషన్లు పెట్టడం వల్ల నష్టమేమీ లేదు. అగ్నివీర్ టెక్నికల్, వాయు, యాంత్రిక్ మూడింటికీ నోటిఫికేషన్ పడినప్పుడల్లా వయసు, అర్హతలు సరిచూసుకుని పెట్టించండి. ఎంపికయ్యాక కూడా చేరాలా వద్దా అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకునే వీలుంటుంది. ఈలోపు రెండు పనులు చేయండి. పదో తరగతి సర్టిఫికెట్లోనూ ఆధార్‌లోనూ పేరు, పుట్టినతేదీ ఒక్కలాగే ఉన్నాయో లేదో చూడండి, తేడా ఉంటే సరిచేయించడానికి వారాలు పడుతుంది. అట్లాగే తిరనాళ్లలోనో ఎక్కడో స్నేహితులతో కలిసి చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకోవద్దని చెప్పండి. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడ ఉన్నా ఎంపికలో సాధారణంగా ఒప్పుకోరు.